పాతపడవలో క్రొత్తబల్ల

కృష్ణానది గద్వాల వనపర్తుల నడుమ పాఱి, నాగర్‌కర్నూలు సీమ నొరసికొనుచు శ్రీశైలజలాశయమున కలియును. ఈ ప్రజలకు నదియే బాట, నదియే అడ్డు. గద్వాలకడ గుఱ్ఱంగడ్డ లంకవాసులు తరతరములుగా పుట్టిమీదను పడవమీదను ఒడ్డు చేరినవారే. ఇట్టిచోట పాత కొయ్యపడవను బాగుచేయబూనిన వానికి వడ్రంగపు పనికంటె ముందుగా ధర్మప్రశ్న యొకటి యెదురగును: ఏది యుంచవలెను? ఏది తీయవలెను?

పడవలో అడ్డముగా బిగించిన కూర్చుండుబల్ల రెండు ప్రక్కలను పట్టి, అవి విచ్చిపోకుండ నాపును. ఆ బల్ల నడుమ నున్నగా నుండి, మేకులు దిగిన చివరలు చివికియుండుట కలదు. నీరు నిలుచునది అచ్చటనే. దానిపై రంగు పూసి, పూర్వుల కొయ్య యని నిలుపుట కూర్చుండువానిని మోసగించుటయే. గట్టిబల్లను పాతదన్న నెపమున ఊడదీయుటయు అవివేకమే. చివికినంత మేర కోసి, మేలికొయ్య నతికి, త్రుప్పుపట్టిన యినుపమేకునకు బదులు రాగిమేకు దిగగొట్టిన చాలును. ఆ యతుకును దాచ బనిలేదు.

థీసియసు నావ పలకలను ఎథెన్సువారు మార్చుచు రాగా, అది యా నావయేనా యని తత్త్వజ్ఞులు వాదించిరని ప్లూటార్కు వ్రాసెను. మన సీమలో ఆ ప్రశ్న తలక్రిందుగా వచ్చినది. శ్రీశైలజలాశయపు ముంపు తప్పించుటకై కూడవెల్లి సంగమేశ్వరాలయమును విప్పి అలంపురమున మరల నిలిపిరి. అచ్చట రాళ్లవియే, చోటు మాఱినది. పడవకు నది యదియే, పలకలు మాఱును. అయినను గుడిని గుడియని, పడవను పడవయని మనము పిలుచుచున్నాము. గుడిలో దీపము వెలుగుచున్నది గనుక అది గుడి. ఆవలియొడ్డు చేర్చును గనుక ఇది పడవ.

2007 జనవరిలో కొల్లాపురముకడ కృష్ణలో పడవ మునిగి పదులకొలది జనులు మరణించిరి. పడవ మోయునది ప్రాణములను. ఆ యెఱుక లేని పురాతనప్రీతి వట్టి వేడుక.

మన గృహాచారములకును ఇదే పరీక్ష చాలునని తలంచెదము. తాతలనాటిదని దేనిని పూజింపవలదు. తాతలనాటిదని దేనిని త్రోయవలదు. మన యింటి ఆడుబిడ్డ దానిపై కూర్చుండినచో అది మోయునా, విఱుగునా? చేయి వేసి, నొక్కి చూచి, పిమ్మట తీర్పు చెప్పుదము.