శునకస్మృతి

బస్తరు సీమలో, దంతెవాడ పరిసరాలలోని మాడియా గోండుల పల్లెలకు పోయే బాటల వెంట రాతి కంబాలు, చెక్క స్తంభాలు నిలిచి ఉంటాయి. అవి గతించినవారి గుర్తులు. గమావాడ వద్ద అట్టి శిలలు గుంపుగా కనిపిస్తాయి. చెక్క స్తంభాలపై వేట, నాట్యం, పశువులు, పక్షులు బొమ్మలుగా తీరుతాయి. చనిపోయినవాడు ఎట్లు బ్రతికినాడో ఆ బొమ్మలే చెబుతాయి. మనిషికి ఇది తగినదే. మరి మనిషి చెంత బ్రతికి పోయిన మూగప్రాణికి స్మృతి అవసరమా? అవసరమైతే, దానిలో తలచుకొనదగినది ఏది? దాని వంశమా, రూపమా, నడతయా?

బస్తరునుండి ఉత్తరంగా కాంకేరు దాటి పోతే బాలోదు జిల్లా వస్తుంది. అందు ఖప్రీ గ్రామంలో కుకుర్‌దేవ్ మందిరమని ఒక ఆలయం ఉన్నది. ఫణినాగవంశపు రాజుల కాలంలో, 14, 15 శతాబ్దాలలో కట్టినదని చెబుతారు. అక్కడ శివలింగంతోపాటు శునకప్రతిమకు కూడ పూజ జరుగుతుంది. జనులు చెప్పుకొనే కథ ఇది: కరవుకాలంలో ఒక బంజారా వర్తకుడు అప్పు తీర్చలేక తన కుక్కను షావుకారు వద్ద తాకట్టు ఉంచినాడు. షావుకారు ఇంట దొంగలు పడి, దోచిన సొత్తును చెరువులో దాచినారు. కుక్క ఆ చోటు చూపినది. సంతసించిన షావుకారు, అప్పు తీరినదని చీటి వ్రాసి దాని మెడకు కట్టి విడిచిపెట్టినాడు. అది ఆనందంతో పరుగెత్తుకొని వచ్చినది. మాట తప్పించి పారివచ్చినదని తలచి యజమాని దానిని కర్రతో కొట్టి చంపినాడు. చీటి చదివినది ఆ తరువాతనే.

ఈ కథ చారిత్రకమా అని అడుగుట అనవసరం. జనులు దానిని ఎందుకు నిలుపుకొన్నారో ఆలోచించాలి. ఆ కుక్కది ఏ జాతియో కథ చెప్పదు.

దీనికి పూర్తిగా ఎదురైన లోకం ఒకటి ఉన్నది. లండనులో 1873లో కెన్నెల్ క్లబ్ ఏర్పడినది. కుక్కల వంశావళులు గ్రంథస్థమైనవి. తల్లి ఎవరు, తండ్రి ఎవరు, చెవి ఎట్లు వ్రాలవలె, వీపు ఎంత పొట్టిగా ఉండవలె అనే లక్షణశాస్త్రం పెరిగినది. నక్క దాగిన బొరియలో దూరి దానిని వెలికి తరుముటకై పెంచిన టెర్రియర్ ఈ శాస్త్రం చేతిలో ప్రదర్శనశాలల అలంకారమైనది. న్యూయార్కులోని వెస్ట్‌మినిస్టర్ ప్రదర్శనలో వారెన్ రెమెడీ అనే నున్నని బొచ్చు ఫాక్స్ టెర్రియర్ 1907, 1908, 1909 సంవత్సరాలలో వరుసగా అత్యుత్తమ శునకంగా నెగ్గినది. అట్లు ముమ్మారు నెగ్గిన కుక్క మరొకటి లేదు. కాని ఆ పట్టికనుబట్టి దాని వంశం, విజయం తెలుస్తాయి. అది రాత్రి ఎవరి పాదాల చెంత నిద్రించినదో తెలియదు.

అట్లని వంశం గలదానికి స్మృతి దక్కదనరాదు. ఏడవ ఎడ్వర్డు చక్రవర్తి పెంచిన సీజరు మంచి వంశంలో పుట్టిన గరుకుబొచ్చు ఫాక్స్ టెర్రియర్. 1910 మే నెలలో రాజు అంత్యయాత్ర సాగినప్పుడు తొమ్మిదిమంది రాజులు పాల్గొన్నారు. సీజరు వారికంటె ముందుగా శవపేటిక వెంట నడిచినది. విండ్సరులో రాజు సమాధిపై, ఆయన పాదాల వద్ద దాని శిల్పం నేటికీ ఉన్నది. దానిని శిలలో నిలిపినది వంశపత్రం కాదు. యజమాని పోయిన పిమ్మట వేసిన ఆ నాలుగడుగులు.

మహాప్రస్థానంలో ధర్మరాజు తన వెంట వచ్చిన కుక్కను విడువక స్వర్గాన్నే నిరాకరించినాడు. కాని అక్కడ కుక్క చివరకు ధర్మదేవతయై నిలిచినది గనుక ఎవరికీ ఋణం మిగులలేదు. ఖప్రీ కుక్క ఏ దేవతగానూ మారలేదు. కుక్కగానే చచ్చినది. అందువల్లనే అక్కడి ప్రతిమ కేవలం ప్రశంస కాదు, పశ్చాత్తాపం కూడ. చంపిన చేయియే పూజకు పూనుకొన్నది.

ప్రదర్శనలోకం తన శునకాలను తలచుకొనేటప్పుడు ఈ పాఠం గుర్తుంచుకొనదగినది. ఫాక్స్ టెర్రియర్ కూనలకు పుట్టిన కొద్ది దినాలకే తోక కత్తిరించుట చిరకాలం ఆచారంగా ఉండినది. ఇంగ్లండులో 2007 నుండి, కొన్ని పనికుక్కల విషయంలో తప్ప, అది చట్టవిరుద్ధం. లక్షణగ్రంథానికి సరిపోవలెనని మనిషి ఆ ప్రాణి మేనికి చేసిన మార్పు ఇది. పతకం గెలిచిన టెర్రియర్‌ను ప్రేమతో పెంచినవారు లేరని కాదు. వారి దుఃఖం నిజమైనదే. అయితే పతకాన్ని తలచి, కోసిన తోకను మరచిన స్మృతి సగమే అవుతుంది.

మూగప్రాణి తన పక్షాన సాక్ష్యం చెప్పలేదు. దాని మెడకు కట్టిన చీటిని మనమే చదవాలి. బంజారా దానిని ఆలస్యంగా చదివినాడు. అయినా చదివినది దాచుకొనలేదు. తన తప్పును పదిమంది చూచే గుడిగా కట్టినాడు. వంశావళి కుక్క ఎక్కడనుండి వచ్చినదో చెబుతుంది. అది మనకు ఏమి ఇచ్చినదో, మనం దానికి ఏమి చేసినామో చెప్పవలసిన పని స్మృతిది.