బంతి లేని సమయం

ఫుట్‌బాల్ ఆటగాళ్ల జీవితంలో నన్ను ఎప్పుడూ కలవరపెట్టేది ఒకటుంది. ముప్పై అయిదేళ్ల వయసులో వకీలు అప్పుడప్పుడే నిలదొక్కుకుంటాడు. సంగీత విద్వాంసుడి గొంతు అప్పటికి గానీ పదునెక్కదు. ఫుట్‌బాల్ ఆడేవాడు మాత్రం ఆ వయసుకు మాజీ అయిపోతాడు. చిన్ననాటి నుంచి కాళ్లూ కళ్లూ కూడబెట్టుకున్న తెలివంతా ఆ తర్వాత ఎక్కడికి పోతుంది? ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా ఐ.ఎం. విజయన్ గుర్తొస్తాడు.

1969లో త్రిశూర్‌లో ఒక పేద ఇంట్లో పుట్టాడు. తండ్రి తొందరగా పోయాడు. ఊరి మునిసిపల్ స్టేడియంలో మ్యాచులు జరిగేటప్పుడు సోడాలు అమ్మేవాడు, సీసాకు పది పైసలు దక్కేవి. పదిహేడు పద్దెనిమిదేళ్ల వయసులో కేరళ పోలీస్ జట్టులో చేరాడు. 1990లో ఆ జట్టు ఫెడరేషన్ కప్ గెలిచింది అదే త్రిశూర్‌లో. మోహన్ బగాన్, జేసీటీ, ఎఫ్‌సీ కొచ్చిన్, ఈస్ట్ బెంగాల్ అతని కోసం పోటీపడ్డాయి. అభిమానులు ‘కాలో హరిణ్’ అన్నారు, నల్ల జింక అని. 1999 దక్షిణాసియా క్రీడల్లో భూటాన్ మీద పన్నెండో సెకనులోనే గోల్ కొట్టాడు. దేశంలో ఉత్తమ ఆటగాడిగా మూడుసార్లు ఎంపికయ్యాడు. చివరి అంతర్జాతీయ టోర్నీ ఆడింది హైదరాబాద్‌లో, 2003 ఆఫ్రో-ఏషియన్ క్రీడల్లో. 1962లో మనకు ఆసియా క్రీడల స్వర్ణం సాధించిపెట్టిన కోచ్ రహీం సాబ్ ఊరది. ముప్పై నాలుగేళ్ల విజయన్ నాలుగు గోల్స్‌తో అందరికంటే ముందు నిలిచాడు. ఫైనల్లో ఉజ్బెకిస్థాన్ చేతిలో ఓడి మన జట్టు రజతంతో సరిపెట్టుకుంది.

అంతకు కొన్నేళ్ల ముందే, ఇంకా ఆడుతుండగానే, దర్శకుడు జయరాజ్ అతన్ని కెమెరా ముందుకు తెచ్చాడు. సినిమా పేరు ‘శాంతం’. రాజకీయ కక్షలో చిన్ననాటి స్నేహితుణ్ణే చంపి, ఆ పాపం మోయలేక కుమిలిపోయే యువకుడి పాత్ర. చుట్టూ ఉన్నది కె.పి.ఎ.సి. లలిత, సీమా బిశ్వాస్, కథకళి మహానటుడు కళామండలం గోపి. 2000 సంవత్సరానికి దేశంలో ఉత్తమ చిత్రంగా దానికి జాతీయ పురస్కారం వచ్చింది.

పరుగే ప్రాణమైన మనిషికి నిశ్చలంగా ఉండే పాత్ర ఇవ్వడం సాహసం అనిపిస్తుంది. ఆలోచించినకొద్దీ నాకు అలా అనిపించడం మానేసింది. తొంభై నిమిషాల ఆటలో ఒక ఫార్వర్డ్ కాళ్ల దగ్గర బంతి ఉండేది మహా అయితే రెండు మూడు నిమిషాలు. మిగతా కాలమంతా బంతి లేకుండానే గడుస్తుంది. బంతి ఎటు రాబోతోందో కనిపెడుతూ, డిఫెండర్ భుజం ఎటు వాలుతోందో చూస్తూ, తనను ఎవరూ చూడనట్టు నిలబడుతూ అతను కాచుకుని ఉంటాడు. గోల్ ఒక్కటే మనకు గుర్తుంటుంది. ఆటగాడి దేహానికి మాత్రం ఆ ఎదురుచూపే బాగా తెలుసు. ‘శాంతం’లో జయరాజ్ వాడుకున్నది దాన్నే అని నా నమ్మకం. ఏమీ చేయకుండా ఉంటూనే అక్కడ పూర్తిగా ఉండటం, నటనలో చాలామందికి ఏళ్లు గడిచినా పట్టుబడని విద్య. విజయన్‌కు అది మైదానంలోనే అబ్బింది.

తర్వాతి సినిమాలు అతన్ని వేరే చోటికి తీసుకెళ్లాయి. 2006లో తమిళ ‘తిమిరు’ వచ్చింది. దాన్ని మనవాళ్లు ‘పొగరు’గా తెలుగులో చూశారు. అందులో విశాల్‌కు ఎదురు నిలిచిన ముఠాలోని మనిషి ఎవరో తెలియకుండానే చూసినవాళ్లు మనలో చాలామంది. ‘కొంబన్’, ‘బిగిల్’ వంటివి ఆ తర్వాత వచ్చాయి. నల్లటి ఒళ్లు, గట్టి కండ, పదునైన చూపు కనిపిస్తే చాలు, మన సినిమా చేతికి కత్తి ఇచ్చేస్తుంది. గ్యాలరీలు ముద్దుచేసిన ఆ రంగే తెర మీదికి వచ్చేసరికి రౌడీ గుర్తు అయింది. ఈ మాట విజయన్‌ను తప్పుపట్టడానికి అనడం లేదు. పని వచ్చింది, చేశాడు, బాగా చేశాడు. కానీ ఆ దేహంలో దాగిన తెలివిని వదిలేసి పైతొడుగును మాత్రమే అద్దెకు తీసుకున్నారే అన్నది నా బాధ. ఆ తప్పు పాత్రలు రాసేవాళ్లది, వాటిని అలవాటుగా ఒప్పుకునే మనది.

అయినా ఆ రెండో బతుకును చిన్నచూపు చూడలేను. కేరళ పోలీస్‌లో విజయన్‌తో కలిసి ఆడిన వి.పి. సత్యన్ భారత జట్టుకు కెప్టెన్‌గా చేశాడు. గాయాలు అతన్ని వెంటాడాయి. ఆట దూరమయ్యాక వచ్చిన చీకటిలోంచి బయటపడలేక 2006లో, నలభై ఒక్క ఏళ్లకే, చెన్నైలో ప్రాణం తీసుకున్నాడు. 2018లో అతని జీవితం ‘కెప్టెన్’ పేరుతో సినిమాగా వచ్చింది, జయసూర్య ఆ పాత్ర వేశాడు. ఒకే జట్టు జెర్సీ వేసుకున్న ఇద్దరిలో ఒకరు నటుడయ్యాడు, ఇంకొకరు నటుడు పోషించే పాత్ర అయ్యాడు. ఈ తేడాకు మనోబలమే కారణమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. కుంగుబాటు జబ్బు, ధైర్యానికి పెట్టే పరీక్ష కాదు. పైగా చప్పట్లు ఆగిపోయిన మర్నాటి ఉదయం ఎలా లేవాలో మన దేశంలో ఏ శిక్షణ శిబిరమూ ఆటగాళ్లకు ఒక పాఠంగా నేర్పగా నేను వినలేదు. విజయన్‌కు పోలీసు ఉద్యోగం ఉండేది, సినిమా పిలుపు ఉండేది, పొద్దున్నే వెళ్లాల్సిన చోటు ఒకటి ఉండేది. సత్యన్‌కూ ఉద్యోగం లేకపోలేదు. దేహానికి తెలిసిన పనిని అడిగేవాళ్లు లేకపోవడం వేరే రకం లేమి, దాన్ని జీతం తీర్చదు.

2025లో విజయన్‌కు పద్మశ్రీ ఇచ్చారు, ఆ ఏడాదే పోలీసు కొలువు నుంచి విరమించాడు. ‘శాంతం’ వచ్చి రెండు దశాబ్దాలు దాటింది. ఆ స్థాయి పాత్ర అతనికి మళ్లీ పడగా నేను చూడలేదు. వయసు మీరిన ఫార్వర్డ్ గ్యాలరీలో కూర్చుని కుర్రాళ్ల ఆట చూసే కథ ఒకటి ఎవరైనా రాయాలి. నలుగురు కొట్టుకునే సీన్ అందులో ఒక్కటి కూడా వద్దు. విజయన్ ఉండగానే రాయాలి, తెలుగులో రాసినా సరే.