ఏ పూట ఊపిరి ఆ పూటకే

ధ్యాన భాగం: నిర్గమకాండము 16:13–21

నిన్నటి అన్నం తెల్లారేసరికి చద్దన్నమై పనికొస్తుంది. నిన్నటి ఊపిరి మాత్రం ఈ ఉదయానికి అక్కరకు రాదు.

మనం తిన్న అన్నం గ్లూకోజుగా మారి, రక్తంలో కలిసి కణాలకు చేరుతుంది. పీల్చిన గాలిలోని ఆక్సిజన్ కూడా అక్కడికే వెళ్తుంది. కణం గ్లూకోజును మెట్టుమెట్టుగా విడగొట్టి, మైటోకాండ్రియాలో ఆక్సిజన్ సాయంతో అందులోని శక్తిని రాబడుతుంది. పొయ్యిలో కట్టెలా అది భగ్గున మండిపోదు. శక్తి కొంచెం కొంచెంగా వెలువడి, ఏటీపీ అనే అణువుల్లో చేరుతుంది. గుండె కొట్టుకోవాలన్నా, రెప్ప వాలాలన్నా ఆ ఏటీపీ ఖర్చు కావాల్సిందే. 1929లో దీన్ని కనుగొన్నవారిలో భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు.

శరీరం కొవ్వును నెలల తరబడి దాచుకోగలదు. ఏటీపీని అలా దాచుకోలేదు. ఏ క్షణాన చూసినా ఒంట్లో ఉండేది పావుకిలోకు మించదు. అదే ఖర్చవుతూ, మళ్లీ తయారవుతూ, రోజంతా కలిపితే దాదాపు మన ఒంటి బరువంత అవుతుంది. నాలుగైదు నిమిషాలు ఆక్సిజన్ అందకపోతే చాలు, మెదడు దెబ్బతినడం మొదలవుతుంది.

అరణ్యంలో మన్నా కురిసినప్పుడూ ఇదే క్రమం. ఏనాటిది ఆనాడే ఏరుకోవాలి. కొందరు మాట వినక మరునాటికి దాచుకున్నారు. తెల్లారేసరికి అది పురుగుపట్టి కంపుకొట్టింది. దేవుని దగ్గర కొరత ఉండి కాదు, తన ప్రజలు ప్రతి ఉదయం తనవైపు చూడాలనే ఆయన అలా ఇచ్చాడు.

ఎన్నడో పొందిన రక్షణానుభవం, పోయిన ఆదివారం విన్న వాక్యం తలుచుకుని మనం సరిపెట్టుకుంటున్నామా? అవి విలువైనవే, ఒంట్లో దాచిన కొవ్వులాంటివి. అయితే ఈ పూట ఊపిరి అందకపోతే దాచిన కొవ్వు కూడా శక్తిగా మారదు. నేటి ప్రార్థన లేకపోతే నిన్నటి అనుభవం జ్ఞాపకంగానే మిగిలిపోతుంది.

ప్రియ చదువరీ, ఫోను చేతికి తీసుకోకముందే ఈ రోజు మోకరించు. నీవు నిద్రపోతున్నంతసేపూ నీ కణాలను పోషించినవాడు నీ మాట కోసం ఎదురుచూస్తున్నాడు.

ప్రార్థన: జీవమిచ్చే తండ్రీ, నేను అడగకుండానే రాత్రంతా నాకు ఊపిరినిచ్చావు. ఈ రోజుకు చాలిన కృపను ఈ ఉదయమే నీ చేతినుండి అందుకోనివ్వు. రేపు మళ్లీ నీ దగ్గరకే రానివ్వు. యేసు నామమున అడుగుచున్నాను తండ్రీ, ఆమేన్.