కావలివాని బాకా

ధ్యాన భాగము: యెహెజ్కేలు 33:1-6



ఈ భాగములోని కావలివాడు ఖడ్గము వచ్చుట చూచి బాకా ఊదవలసినవాడు. మన నెల్లూరు తీరమునకు వచ్చు ఖడ్గము నీళ్లలోనుండి వచ్చును. 2004 డిసెంబరు 26, క్రిస్మసు మరునాటి ఆదివారము, ఉదయము ఆరున్నర వేళ సుమత్రా దగ్గర సముద్రపు అడుగు నేల పైకి లేచెను. ఆ అల మన ఒడ్డు చేరుటకు రెండు గంటలకు పైగా పట్టెను. స్నానము చేసి గుడికి సిద్ధపడుటకు చాలిన వ్యవధి అది. ప్రాణము దక్కించుకొనుటకును చాలును. అయితే చెప్పువాడు లేకపోయెను. హిందూ మహాసముద్రమునకు అప్పుడు కావలివాడు లేడు.

ఇప్పుడున్నాడు. 2007 అక్టోబరులో హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రమున సునామీ హెచ్చరికల పని ఆరంభమాయెను. భూకంపమును పట్టు యంత్రములు, సముద్రపు అడుగున నీటి ఒత్తిడిని కొలుచు పరికరములు, ఆ కొలతను ఉపగ్రహమునకు పంపు తేలుడు బోయలు, ఇవన్నియు రాత్రింబగళ్లు మేలుకొనియుండును. భూమి కదలిన కొద్ది నిమిషములలోనే వార్త బయలుదేరును. అది జిల్లా కచేరీకి వచ్చును, మన సెల్‌ఫోనుకును రావచ్చును. అయితే ఇస్కపల్లి, మైపాడు, తుమ్మలపెంట వంటి ఊళ్లలో చివరి గుడిసె వరకు దానిని మోసికొని పోవలసినవారు మనుష్యులే.

ఇక్కడ మా తప్పు ఒకటి ఒప్పుకొనవలెను. 2012 ఏప్రిల్ 11, బుధవారము మధ్యాహ్నము, ఆ దిక్కుననే మరల గొప్ప భూకంపము కలిగెను. హెచ్చరిక వచ్చెను. మా ఊరివారు పిల్లలను చంకనెత్తుకొని పడమటికి నడిచిరి. అల రాలేదు, సాయంత్రము హెచ్చరిక తీసివేసిరి. మరునాడు అరుగు మీద ఒకాయన, "అయ్యగారూ, సముద్రం రాలేదు గానీ మా కోళ్లు మాత్రం పోయినాయి" అనగా అందరును నవ్విరి. మేమును నవ్వితిమి. కాపరి నవ్విన తరువాత రెండవసారి ఎవరు లేచి నడుతురు?

2004లో నేల పైకి లేచి నీటిని ఎత్తెను. 2012లో నేల ఎక్కువగా ప్రక్కకు జరిగెను గనుక నీరు అంతగా లేవలేదు. ఆ భేదము మొదటి నిమిషములలో తేలునది కాదు. గోడమీదివాడు దుమ్ము చూచి బాకా ఊదెను. వచ్చినది గొఱ్ఱెలమంద అయినయెడల అతడు అబద్ధికుడగునా?

"సముద్రము వెనుకకు పోయినప్పుడు చూచుకొందము" అనువారు కొందరున్నారు. ఎల్లప్పుడు అట్లు జరుగదు, నీరే ముందు రావచ్చును. మొదటి అల తగ్గినదని పడవకొరకు దిగరాదు; వెనుక వచ్చునది దానికంటె పెద్దది కావచ్చును.

జపానులో 1854లో హమగుచి గోర్యో అను పెద్దమనిషి, చీకటిలో దారి తెలియని గ్రామస్థులకు మెట్ట స్థలము చూపుటకై వరికుప్పలకు నిప్పు పెట్టించెను. వరికుప్ప విలువ నెల్లూరివారికి మేము చెప్పనక్కరలేదు.

మా సంఘములో ఈ నెల ఒక కట్టుబాటు చేసికొంటిమి. గంట ఆగకుండ మ్రోగినయెడల తుపాను భవనమునకు పోవలెను. నడువలేని విధవరాండ్రు ముగ్గురున్నారు. ఎవరు ఎవరిని ఎత్తుకొని పోవలెనో పేర్లు వ్రాయుచున్నాము. ఇద్దరికి కుదిరినది. మూడవ ఆమె ఇల్లు అందరికంటె ఒడ్డుకు దగ్గర. ఆమె పేరునకు ఎదుట ఇంకను ఖాళీగానే యున్నది. వచ్చు ఆదివారము ఆరాధన ముగియగానే, ఆశీర్వాదమునకు ముందు, ఆ పేరు అడుగుదుము.