చిన్నా కాదు, పెద్దా కాదు



తొమ్మిదో తరగతి చదివే అమ్మాయి. పొద్దున పెద్దల మాటల్లో కలగజేసుకుంటే, "చిన్నపిల్లవి, నీకెందుకే?" అంటాం. సాయంత్రం పొయ్యి మీద పాలు పొంగిపోతే, "ఇంత పెద్దదానివయ్యావు, ఆ మాత్రం చూసుకోలేవా?" అంటాం. ఒకే రోజు. ఒకే పిల్ల. ఇంతకీ ఆమె చిన్నదా, పెద్దదా?

రెండూ కాదు. ఆమెది కౌమారం.

ఒడిలో ఉన్న వయసును మన పెద్దలు శైశవం అన్నారు. ఆటల వయసును బాల్యం అన్నారు. బాల్యం వీడుతూ, యౌవనం ఇంకా అందని వయసుకు కౌమారమని పేరు పెట్టారు. చట్టమూ ఈ తేడాను గుర్తించింది. 2016లో సవరించిన బాలకార్మిక చట్టం 14 ఏళ్లు నిండినవారిని, 18 నిండేదాకా, కౌమారులుగానే చూస్తుంది. ప్రమాదకరమైన పనుల్లో వాళ్లను పెట్టకూడదంటుంది.

దోర మామిడికాయనే తీసుకోండి. పచ్చడికి పులుపు చాలదు. పండుగా తినడానికి తీపి చాలదు. అలాగని అది పనికిరాని కాయ కాదు. దాని రుచి దానిదే.

కౌమారమూ అంతే. కోపం చటుక్కున వస్తుంది. పదిమందిలో మాట పడితే మనసు విరిగిపోతుంది. ఈ వయసువాళ్లు సలహా అడగరు. కానీ తాము చెప్పేది వినే మనిషి కావాలి.

మీ ఇంట్లో ఆ వయసు పిల్లలుంటే, ఈరోజు ఒక చిన్న నిర్ణయం వాళ్లకే వదలండి. పొరపాటు జరిగితే పక్కన నిలబడండి. చిన్నా కాదు, పెద్దా కాదు. కౌమారం. ఆ వయసును ఆ వయసుగానే గౌరవిద్దాం.