కడుపులోని బిడ్డ కోసం ఇంటిల్లిపాది నియమం



న్యాయాధిపతుల గ్రంథం 13వ అధ్యాయంలో దేవదూత మనోవా భార్యకు దర్శనమిచ్చాడు. గొడ్రాలైన ఆమె కొడుకును కంటుందని చెప్పి, వెంటనే ఒక నియమం పెట్టాడు: ద్రాక్షసారాయం గాని, మత్తు పానీయం గాని ముట్టరాదు. దేవునికి అంకితం కావలసినవాడు బిడ్డ. నియమం మాత్రం తల్లికి! ఎందుకంటే తల్లి నోట పడినది బిడ్డకూ చేరుతుంది.

మత్తుమందులనగానే పట్నాల్లో రహస్యంగా అమ్మే కొకెయిన్ వంటివే మనకు గుర్తుకొస్తాయి. కాని నరాలను ఉత్తేజపరిచే మందు ఒకటి మన ఇళ్ళలోనే ఉంది. అది పొగాకులోని నికోటిన్. శ్రీకాకుళం, విశాఖ తీర గ్రామాల్లో చుట్ట నిప్పును నోటి లోపల పెట్టుకొని అడ్డపొగ తాగే స్త్రీలున్నారు. మరికొన్ని చోట్ల ఖైనీ, గుట్కా, జర్దా కిళ్ళీ అలవాటు. ఆకలి తెలియదని, అలసట తీరుతుందని, వేవిళ్ళు తగ్గుతాయని చెప్పుకుంటారు.

లోపల జరిగేది వేరు. నికోటిన్ రక్తనాళాలను బిగించివేస్తుంది. మాయ ద్వారా బిడ్డకు అందవలసిన రక్తం తగ్గుతుంది. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ రక్తంలో ప్రాణవాయువు చోటును ఆక్రమిస్తుంది. అందువల్ల బిడ్డ నెలలు నిండకుండానే, 2,500 గ్రాముల బరువైనా లేకుండా పుట్టవచ్చు. కడుపులోనే మరణించవచ్చు. మాయ ముందుగానే ఊడి, రక్తస్రావమై తల్లి ప్రాణానికీ ముప్పు రావచ్చు. కొకెయిన్ కూడా రక్తనాళాలను ఇలాగే బిగిస్తుంది. పొగ రాదు కదా అని ఖైనీ, గుట్కాలను నమ్మరాదు. పుట్టిన తర్వాత చనుబాలలోకీ నికోటిన్ చేరుతుంది.

మద్యం, పొగాకు మితిమీరకుండా ఆశానిగ్రహం పాటించాలని శ్రీసభ సత్యోపదేశం 2290వ సంఖ్యలో బోధిస్తోంది. ఈ బోధ తల్లి ఒక్కదానికేనా? బిడ్డ బక్కగా పుడితే అత్తగారు, ఇరుగుపొరుగు కోడలినే నిందిస్తారు. ఆమె పక్కనే కూర్చొని బీడీ కాల్చిన భర్తను అడిగేవారేరి? ఆ పొగ కూడా బిడ్డకు హానే.

మనోవా ఏం చేశాడో చూడండి. నియమం భార్యకు చెప్పినదే అయినా, పుట్టబోయే బిడ్డ విషయంలో తామిద్దరూ ఏం చేయాలో నేర్పమని దేవుణ్ణి వేడుకున్నాడు. తండ్రులారా, అదే మీ ప్రార్థన కావాలి. ఇంట్లో గర్భవతి ఉంటే చుట్ట, బీడీ, గుట్కా గడప దాటి లోపలికి రాకూడదు.

తల్లులారా, ఆరో నెల వచ్చింది, ఇక మానినా లాభమేమిటని అనుకోవద్దు. తొలి నెలల్లో మానితే ఎంతో మేలు. ఏ నెలలో మానినా మేలే. ఆశా కార్యకర్తకు, డాక్టరుకు సిగ్గుపడకుండా చెప్పండి. మానడానికి సహాయం చేసే ప్రభుత్వ ఉచిత ఫోన్ నంబరు 1800-11-2356.

బిడ్డను పోగొట్టుకొని, తనవల్లే జరిగిందేమోనని కుమిలిపోయే తల్లి మన విచారణలో ఉండవచ్చు. ఆమెపై రాయి వేసే హక్కు మనకు లేదు. మరియమాత గర్భవతియైన ఎలిశబెతమ్మ ఇంటికి త్వరపడి వెళ్ళి, సుమారు మూడు నెలలు తోడుగా ఉన్నది. మనమూ ఈ వారం ఒక గర్భవతి ఇంటికి వెళదాం. తీర్పు చెప్పడానికి కాదు, తోడుండడానికి.

గర్భఫలాన్ని అనుగ్రహించే సర్వేశ్వరుడు తల్లులను, బిడ్డలను కాపాడును గాక! ఆమెన్.