తెలిసి దాచిన లోపము

సారపాక కాగితపు మిల్లుకు జామాయిలు కర్ర మోయు పాత లారీలలో పవర్ స్టీరింగు నూనె కారుట వింత కాదు. ఉదయమున డబ్బా నింపి బయలుదేరుట అబద్ధమా? తాను నడుపునంతవరకు అజాగ్రత్త యనవచ్చును. చెప్పక బండిని వేరొకనికి అప్పగించినయెడల ఆ మౌనము అబద్ధమే. నూనె తగ్గగా పంపు మూలుగును. మారేడుమిల్లి ఘాటు మలుపులో స్టీరింగు రాయివలె బరువెక్కును.

నిర్గమకాండము 21:29 చూడుడి. పొడుచునని ముందే తెలిసియు ఎద్దును కట్టివేయని యజమానుడు, అది మనుష్యుని చంపినయెడల దోషి.

కావున గొట్టములను, బాక్సును తుడిచి, ఇంజను నడిపించి, స్టీరింగును ఇరువైపుల త్రిప్పించి, తడి ఎక్కడ మొదట పుట్టునో చూడవలెను. నూనె జారిపోవును గనుక చుక్క పడు చోటును నమ్మరాదు. గొట్టపు బిగింపు వదులైతే కొద్దిసేపటి పని. బాక్సు సీలైతే ఒక దినపు కిరాయి పోవును. ఆ దినపు డ్రైవరు కూలిని యజమానుడే ఇయ్యవలెనని నా అభిప్రాయము.